అన్‌డెడ్ ఆడబోయే బుజ్జిగాడికి

మారతహళ్ళి, బెంగళూరు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కాలేజీ ఫెస్ట్‌లో వార్‌క్రాఫ్ట్ 3 అనే కంప్యూటర్ యుద్ధం గేమ్ పోటీకి పేరిచ్చావట, అందులో శవాల పక్షం ఆడతావట. "వాడికిదేం పోయేకాలమే, మంచి పక్షం ఏదీ దొరకలేదా" అని ఒకటే గోల. సర్దిచెప్పి పెట్టేశాను గానీ ఆ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. హ్యూమన్, ఓర్క్, నైట్ ఎల్ఫ్, అన్‌డెడ్ అని ఉన్న నాలుగు జాతుల్లో ఆ శవాల పక్షం అన్‌డెడ్ తీసుకున్నావంటే నాకు గర్వంగానే ఉందిరా. కానీ నీ ఆట నాకు తెలుసు, అదే భయం. ఫోన్‌లో చెబితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా, చివరిదాకా చదువు.

ముందు అమ్మ బెంగ సంగతి. విలన్ వేషం కట్టడం మన ఇళ్ళల్లో ఎప్పుడు తప్పయింది? రామారావు గారిని రాముడిగా చూసి దండం పెట్టిన కళ్ళతోనే రావణుడిగా, దుర్యోధనుడిగా కూడా చూసి మురిసిపోయారు జనం. ఆ వేషాలు నిలబడాలంటే నిదానం కావాలి, అదుపు కావాలి. అన్‌డెడ్‌కి కావలసినవీ అవే. నీకు లేనివీ అవే, కోప్పడకు.

కథ నీకు తెలుసుగా. లార్డెరాన్ యువరాజు ఆర్థస్ ప్రజల్ని కాపాడతానని బయల్దేరి, ఫ్రాస్ట్‌మోర్న్ కత్తి పట్టుకుని, చివరికి సింహాసనం మీదున్న కన్నతండ్రినే చంపేస్తాడు. 2002లో వచ్చిన మొదటి గేమ్‌లో మనుషుల కాంపెయిన్ (కంప్యూటర్‌తో ఆడే కథ) అక్కడే ముగిసి, అతణ్ణే మన చేతికిచ్చి అన్‌డెడ్ కాంపెయిన్ మొదలవుతుంది. ఆడకపోతే ఒకసారి ఆడు, ఆ జాతి మీద ప్రేమ పుడుతుంది. ఆ అలవాట్లతో మాత్రం పోటీకి వెళ్ళకు. కాంపెయిన్‌లో కంప్యూటర్ నీకు తీరిక ఇస్తుంది, పోటీలో మనిషి ఇవ్వడు.

మొదలుపెట్టడం సులువే. 500 గోల్డ్, 150 లంబర్ (కలప), గని పనీ కట్టడం పనీ చేసే ముగ్గురు అకోలైట్లు, చెట్లు కొట్టి యుద్ధమూ చేసే ఒక గూల్ ఇస్తారు. అకోలైట్లను మైన్ (బంగారు గని) మీదికి, గూల్‌ని చెట్ల మీదికి పంపు. నీ ప్రధాన కట్టడం నెక్రోపోలిస్‌లో వెంటనే ఇంకో ఇద్దరు అకోలైట్లను పెట్టు, ఒక్కొక్కరు 75 గోల్డ్. హీరోనిచ్చే ఆల్టర్, గూల్స్‌నిచ్చే క్రిప్ట్, జనాభాకి చోటిచ్చే మొదటి జిగ్గురాట్ ఒక్కోదానికి 50 లంబర్ చొప్పున నీ 150 అక్కడికే సరి. నాలుగోది కట్టాలంటే గూల్ చెట్టు కొట్టి తేవాల్సిందే, కాబట్టి క్రిప్ట్ లేవగానే గూల్స్ మొదలుపెట్టు. అకోలైట్ మంత్రం వేసి వచ్చేస్తే చాలు, కట్టడం దానంతటదే లేస్తుంది. పక్కన నిలబెట్టి చూస్తూ కూర్చోకు. ఈ అంకెలు ప్యాచ్‌ని (గేమ్ అప్‌డేట్‌ని) బట్టి మారుతుంటాయి, పోటీలో ఏ వెర్షన్ పెడతారో ముందే అడుగు.

ఇప్పుడు అసలు విషయం. అన్‌డెడ్ చూడ్డానికి చావుకి వెరవని సైన్యం. లెక్కల్లో మాత్రం ఒక్క ప్రాణాన్నీ పారేసుకోలేని సైన్యం. మిగతా జాతుల వాళ్ళకి ఎక్కడున్నా గాయాలు కొద్దికొద్దిగా మానతాయి, నైట్ ఎల్ఫ్‌లకైతే రాత్రిపూట. నీ వాళ్ళకి బ్లైట్ మీద నిలబడితేనే మానతాయి. నీ ఇంటి చుట్టూ నల్లబడిన ఆ నేల దాటి అడుగు బయట పెట్టావంటే, తగిలిన ప్రతి దెబ్బా నీ హీరో డెత్ నైట్ ప్రాణం పోసే కాయిల్ మంత్రం వేసేదాకానో, గాయాలు మాన్పే స్టాట్యూ వచ్చేదాకానో, గూల్ శవాన్ని తినేదాకానో అలాగే ఉంటుంది. అందుకే క్రీపింగ్‌కి, అంటే మ్యాప్ మీదుండే క్రీప్స్ అనే జీవాల్ని వేటాడడానికి, వెళ్ళేటప్పుడు నీ దుకాణం టూంబ్ ఆఫ్ రెలిక్స్‌లో రాడ్ ఆఫ్ నెక్రోమాన్సీ కొనుక్కో. శవం దొరికిన చోట అస్థిపంజరాల్ని లేపి ముందు నిలబెట్టు. దెబ్బలు అవి తింటాయి, గూల్స్ మిగులుతాయి.

పోయిన దసరా సెలవుల్లో నువ్వు మా ఇంట్లో బాబాయితో ఆడిన ఆటలన్నీ ఒకేలా ఓడిపోయావు, గుర్తుందా? ప్రతిసారీ "ఓర్క్ ఓవర్‌పవర్డ్ పిన్నీ" అన్నావు. అది కాదురా. నీ అకోలైట్లు చచ్చిపోయారు. అంతే. ఈ ఒక్క సంగతీ నెమ్మదిగా చదువు, కావాలంటే మిగతాదంతా వదిలేయ్.

హ్యూమన్ పనివాడు పీజెంట్ గనిలోకి వెళ్ళి మూట మోసుకుంటూ తిరుగుతాడు, నైట్ ఎల్ఫ్‌ల విస్ప్ గనిలోపలే ఉంటుంది. నీ అకోలైట్ అలా కాదు. మైన్ చుట్టూ వలయంగా, ఆరుబయట, కదలకుండా నిలబడతాడు. 220 ప్రాణం. ఐదుగురికే చోటు. ఒకడు పోతే రాబడిలో ఐదో వంతు ఆ క్షణమే ఆగిపోతుంది. తెలిసిన వాడు నీ సైన్యం జోలికి రాడు, వాళ్ళ దగ్గరికే వస్తాడు. బాబాయి చేసింది అదే. నువ్వు హీరోని తీసుకుని మ్యాప్ అవతల అతని గ్రంట్ల (ఓర్క్ సైనికుల) వెంట పడేవాడివి. అతను తన హీరో బ్లేడ్‌మాస్టర్‌కి విండ్ వాక్ వేసి, మాయమై, నీ మైన్ దగ్గర తేలేవాడు. దాడి జరుగుతోందని గేమ్ అరుస్తున్నా "ఒక్క నిమిషం, ఈ గ్రంట్ చచ్చిపోతాడు" అనేవాడివి. ఆ గ్రంట్ చచ్చేలోపు ఇద్దరు అకోలైట్లు పోయేవారు.

75 పెట్టి మళ్ళీ కొనుక్కుంటాలే అనుకున్నావు కదూ. ఇక్కడే ఉంది అసలు గొయ్యి. నెక్రోపోలిస్‌ని హాల్స్ ఆఫ్ ది డెడ్‌గా, అంటే రెండో అంచె టైర్ 2కి, అప్‌గ్రేడ్ చేస్తున్నంతసేపూ అందులో అకోలైట్‌ని తయారుచేయలేవు. ఆ అప్‌గ్రేడ్‌కి రెండు నిమిషాల పైనే పడుతుంది. సరిగ్గా అప్పుడే వస్తారు. ముగ్గురు పోయి ఇద్దరు మిగిలితే ఆ కాసేపూ నీ ఇంటికి వచ్చేది సగం కూడా కాదు. టైర్ 2 చేతికొస్తుంది గానీ అందులో ఏం కొనడానికీ డబ్బుండదు. దసరాకి నువ్వు ఓడిన ఆటల్లో ఎక్కువ భాగం ఇదే కథ. రీప్లేలు (ఆ ఆటల రికార్డింగులు) ఇంకా మా సిస్టంలోనే ఉన్నాయి, కావాలంటే పంపిస్తా.

కాబట్టి అప్‌గ్రేడ్ నొక్కే ముందు ఆరో అకోలైట్ ఒకడు చేతిలో ఉండాలి. మామూలుగా కట్టడాలకీ, చూసి రావడానికీ పనికొస్తాడు, ఎవడైనా పోతే వలయంలో నిలబడతాడు. జిగ్గురాట్లను ఖాళీ దొరికిన చోటల్లా విసరకుండా మైన్‌కి నెక్రోపోలిస్ లేని వైపు దగ్గరగా కట్టు, కత్తి పట్టుకొచ్చేవాడికి దారి ఇరుకవుతుంది. పూర్తిగా మాత్రం మూసేయకు. పారిపోవడానికీ, కొత్తవాడు లోపలికి రావడానికీ ఒక సందు ఉండాలి. ఆ జిగ్గురాట్లలో ఒకదాన్ని నెరూబియన్ టవర్ చెయ్యి. దాని చలి దెబ్బకి వచ్చినవాడి కాళ్ళు బరువెక్కుతాయి. అయితే మాయమైన బ్లేడ్‌మాస్టర్‌ని అది కూడా చూడలేదు, అందుకు మాయమైనవాళ్ళని చూపించే డస్ట్ ఆఫ్ అప్పియరెన్స్ ఒకటి హీరో సంచిలో ఉంచు. శాక్రిఫిషియల్ పిట్ కట్టేదాకా వెళ్తే ఆరోవాణ్ణి షేడ్‌గా మార్చు, మాయమైన వాళ్ళని అది చూస్తుంది.

దాడి రానే వచ్చిందనుకో. స్పేస్ నొక్కు, తెర అక్కడికి వెళ్తుంది. ఆల్ట్ పట్టుకో, ఎవరి ప్రాణం తగ్గుతుందో గీతల్లో కనిపిస్తుంది. దెబ్బ తింటున్న ఆ ఒక్కణ్ణే బయటికి లాగి జిగ్గురాట్ చుట్టూ పరిగెత్తించు. ఐదుగుర్నీ లాగావంటే శత్రువు ఒక్క దెబ్బా కొట్టకుండానే నీ రాబడి ఆపేసినట్టు. వాడు ఇంకొకరి మీదికి తిరగగానే మొదటివాణ్ణి మైన్ మీద రైట్ క్లిక్ చేసి తిరిగి పంపు. ఈలోగా చెట్ల దగ్గరి గూల్స్‌లో ముగ్గురు నలుగుర్ని పిలిచి వచ్చిన హీరోని చుట్టుముట్టు. బయటపడే దారి లేక వాడి దగ్గరున్న, ఇంటికి చేర్చే టౌన్ పోర్టల్ వాడేశాడంటే 350 గోల్డ్ నష్టం వాడిదే. గొడవ అయ్యాక కింద ఎడమ మూల చూడు. పనిలేని అకోలైట్ బొమ్మ కనిపిస్తే ఎఫ్8 నొక్కి పనిలో పెట్టు. లాగినవాణ్ణి మరిచిపోయావంటే వాడు బతికుండీ లేనట్టే.

నాలుగేళ్ళప్పుడు నా ఒళ్ళో కూర్చుని, గూల్స్ చెట్లు కొడుతుంటే తెర మీద వేలు పెట్టి "దానికి ఆకలేస్తోందా పిన్నీ" అని అడిగేవాడివి. ఒక్క గూల్ చచ్చినా మూతి ముడిచేవాడివి. ఆ బుజ్జిగాడు ఆడినట్టు ఆడు నాన్నా, చాలు.

హీరో సంగతి. మొదట డెత్ నైట్, మొదటి స్కిల్ డెత్ కాయిల్. 75 మానాతో (మంత్రశక్తితో) నీ వాడికి 200 ప్రాణం పోస్తుంది, బతికున్న శత్రువుకైతే 100 తీస్తుంది. తన మీద తాను వేసుకోలేడు, కాబట్టి వాణ్ణి ముందుకి తోయకు. కాయిల్ చేతిలో ఉందని వెంటనే శత్రువు మీద విసరడం నీ అలవాటు. నీ సాలీడు సైనికుడు క్రిప్ట్ ఫీండ్ ఒక్కో ఖరీదు 215 గోల్డ్, 40 లంబర్. చావబోతున్న ఫీండ్ మీద కాయిల్ వేసి వెనక్కి నడిపిస్తే అదంతా మిగిలినట్టే. ఆ లెక్క చూసుకుని వేయి. టైర్ 2లో రెండో హీరో లిచ్ వచ్చాక మాట వేరు. అప్పుడు శత్రువు హీరో ప్రాణం సగానికి దిగగానే లిచ్ మంత్రం నోవా, వెంటనే కాయిల్. రెండూ ఒకే ఊపిరిలో పడాలి, మధ్యలో తేడా వస్తే వాడు మందు తాగేస్తాడు.

ఫీండ్స్‌కి వెబ్ (వల) రీసెర్చ్ మరిచిపోకు, ఎగిరేవి కిందికొస్తాయి. స్టాట్యూలు రెండు చాలు. టైర్ 3లో వాటినే డిస్ట్రాయర్లుగా మార్చుకోవచ్చు, మ్యాజిక్ అంటదు. కానీ వాటి మానా ఊరికే కరిగిపోతుంది, ముందే మార్చి కూర్చోబెట్టకు.

జనాభా లెక్క చూసుకో. 50 దాటితే పది గోల్డ్‌కి ఏడే వస్తుంది, 80 దాటితే నాలుగే. 50 దగ్గర ఆగి డబ్బు కూడబెట్టి, అప్‌గ్రేడ్‌లు పూర్తిచేసి, కొట్టబోయే ముందు దాటు. 52 దగ్గర ఊరికే తిరుగుతున్నావంటే ఒక్క గూల్ కోసం రాబడిలో 30 శాతం వదులుకున్నట్టు.

ఎదుటివాడు హ్యూమన్ అయితే మొదట్లోనే గూల్‌ని పంపి చూడు. రెండో మైన్ దగ్గర టవర్లు లేపుతున్నాడంటే గూల్స్‌ని వాటి మీదికి తోసి చంపుకోకు, దూరం నుంచి కట్టడాల్ని కొట్టే మీట్ వ్యాగన్ తయారుచెయ్యి. నైట్ ఎల్ఫ్ అయితే డీమన్ హంటర్ మానా బర్న్ వేసి నీ డెత్ నైట్‌ని కాయిల్ లేనివాణ్ణి చేస్తాడు. డెత్ నైట్‌ని ఆ డీమన్ హంటర్ దగ్గర్లో నిలబడనివ్వకు. ఓర్క్ సంగతి పైన చాలినంత చెప్పాను.

హీరోకి మొదట్లో ఉచితంగా వచ్చే టౌన్ పోర్టల్‌ని క్రీప్స్ నుంచి పారిపోవడానికి వాడకు. వాడేశావా, ఇంకొకటి కొనేదాకా ఇల్లు దాటి దూరం పోకు.

ఇక చేతుల సంగతి. నవ్వకు. మా ఆఫీసులో మణికట్టుకి పట్టీ వేసుకుని తిరిగేవాళ్ళని రోజూ చూస్తున్నా, వాళ్ళకి ముప్పై కూడా దాటలేదు. మీ పీజీలో మంచం మీద బోర్లా పడుకుని ఆడుతున్నావని మీ రూమ్మేట్ చెప్పాడు. కుర్చీ, బల్ల చూసుకో. మోచెయ్యి బల్ల మీద ఆనాలి, మణికట్టు వంగకూడదు. ఆట ఆటకీ లేచి ఐదు నిమిషాలు నడువు. రెండు ఆటలు ఆడితే ఒక రీప్లే చూడు, ప్రతి అకోలైట్ ఎందుకు చచ్చాడో కాగితం మీద రాసుకో. అర్ధరాత్రి దాటాక నేర్చుకునేది ఏమీ ఉండదు, కోపం తప్ప. పోటీ ముందురోజు పదింటికి పడుకో.

ఆడుతున్నది విలన్ అయినా చాట్‌లో ఎవర్నీ ఒక్క మాట అనకు. దసరాకి బాబాయిని అన్నావు, ఆయన ఏమీ అనుకోలేదు గానీ నేను అనుకున్నాను. ఓడితే జీజీ (గుడ్ గేమ్) అని పెట్టి, లేచి, చెయ్యి కలిపి రా.

నీ మౌస్, ప్యాడ్ నువ్వే పట్టుకెళ్ళు. అక్కడి సిస్టంలో హాట్‌కీలు నీకు అలవాటైనవేనా అని ఆట మొదలవక ముందే చూసుకో. టిఫిన్ తినకుండా వెళ్ళావని తెలిస్తే అమ్మ కంటే ముందు నేనే తిడతాను.

ఆదివారం పొద్దున్నే సిల్క్ బోర్డ్‌లో 500డి ఎక్కి వచ్చేయ్. గోంగూర పప్పు చేస్తాను. ఆ రోజు బాబాయితో కాదు, నాతో ఆడాలి. నేను ఓర్క్ తీసుకుంటాను, నీ హాల్స్ అప్‌గ్రేడ్ మొదలైన క్షణమే బ్లేడ్‌మాస్టర్‌తో వస్తాను. ఆరో అకోలైట్‌ని తయారుగా పెట్టుకో.

ప్రేమతో,
పిన్ని