క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ చేయాలంటే ఇంగ్లీష్ గొప్పగా రావాలా?

అక్కర్లేదు. క్రిప్టిక్ అంటే క్లూ పైకి ఒకటి చెప్పి, లోపల మాటల ఆటతో జవాబు దాచే క్రాస్‌వర్డ్. తెలుగు మీడియంలో చదివాను కాబట్టి క్రిప్టిక్ క్లూలు నా వల్ల కావు అంటున్న తమ్ముడికే ఈ జవాబు. నన్నడిగితే ఇంగ్లీష్ దంచేవాళ్లకే ఇది కష్టం. వాళ్లు క్లూ చదవగానే అర్థం చేసేసుకుంటారు. చేయకూడనిది అదే.

నాకు ఈ పిచ్చి అంటించింది భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రిటైర్డ్ రైల్వే ఆయన. కాజీపేటలో ఎక్కి, హిందూ పేపర్ నాలుగు మడతలు పెట్టి పెన్సిల్ తీశారు. నేను తొంగి చూస్తుంటే "గిది చెప్పు బిడ్డా" అని ఒక పాత క్లూ రాసి చూపించారు. 'జి ఇ జి ఎస్', పక్కన 9, 4 అని అంకెలు, అంటే జవాబులో తొమ్మిదక్షరాల మాట, దాని తర్వాత నాలుగక్షరాల మాట. అంతే.

"అసలు గట్లాంటి మాటే లేదు కద సార్?"

"లేదు గదా! మరి దేన్ని ఏం చేస్తే గట్లయింది?"

ఎగ్స్ (ఇ జి జి ఎస్) అక్షరాల్ని గిలక్కొడితే అయింది. స్క్రాంబుల్డ్ ఎగ్స్! ఘన్‌పూర్ దాటకముందే నేను టికెట్, ఇంటర్వ్యూ టెన్షన్ అన్నీ మర్చిపోయాను.

మీదేవూరు అన్నారు. పరకాల అన్నాను. కాసేపు కిటికీలోంచి చూసి, పేపర్ అంచున తెలుగులో రాశారు: "ఇతరుల కాలం సున్న రాలిపోతే మీ ఊరు (4)". పర, కాలం, సున్న తీసేస్తే పరకాల. క్లూకి ఒక కొసన అసలు అర్థం ఉంటుంది, ఇక్కడ 'మీ ఊరు'. మిగిలిందంతా ఆ మాటను తయారుచేసే పద్ధతి. మధ్యలో కామాలు, ఫుల్‌స్టాప్‌లు కనబడితే అస్సలు నమ్మొద్దు.

సంధులు విడగొట్టి, పొడుపుకథలు విప్పి, అవధానంలో దత్తపదికి చప్పట్లు కొట్టిన జనం మనం. మనకిది కొత్తా? ఒక్కటే ఇబ్బంది. ఇంగ్లీషులో అక్షరాలు విడివిడిగా దొరుకుతాయి, ఎటైనా తారుమారు చేయొచ్చు. తెలుగులో గుణింతం, ఒత్తు అన్నీ కలిసి ఒకే గడిలో కూర్చుంటాయి. అందుకే మనకు తారుమారు కన్నా విరుపులే బాగా కుదురుతాయి. ఆ సొగసు వదిలేసి ఇప్పటి గడినుడుల్లో, అంటే తెలుగు క్రాస్‌వర్డ్‌ల్లో, చాలావాటికి "ఫలానా హీరో మొదటి సినిమా" అని ఆధారాలిస్తున్నారు. అది జనరల్ నాలెడ్జ్ బిట్టు, పజిల్ కాదు.

డిక్షనరీ పక్కన పెట్టు తమ్ముడూ. మర్నాడు వచ్చే జవాబులు ముందేసుకుని, ఏ క్లూ ఎలా పుట్టిందో వెనక్కి విప్పుకుంటూ పో. ఈలోపు ఇది చెయ్యి, గూగుల్ చూడకుండా: "తిరగబడ్డ కడపలో నిద్రపోయే చోటు (3)".