పదే పదే చదివితే మెదడులో ఏం మారుతుంది?

ఎక్కం పదిసార్లు వల్లెవేస్తే మెదడులో కొత్త కణాలు పుడతాయా అని అడిగారు. ప్రధానంగా జరిగేది అది కాదు. ఉన్న నాడీకణాల మధ్య సంధులు, అంటే సినాప్సులు, బలపడతాయి.

ఒక కణం గ్లూటమేట్ అనే రసాయనాన్ని వదిలితే, పక్క కణం మీది గ్రాహకాలు అందుకుంటాయి. వాటిలో ఆంపా మామూలు తలుపు, గ్లూటమేట్ తగలగానే తెరుచుకుంటుంది. ఎన్ఎండీఏ మాత్రం మా గోదావరి కాలువల మీది లాకు లాంటిది. పడవ వచ్చి ఆగినంత మాత్రాన లాకు తలుపు తీయరు, రెండు వైపులా నీటిమట్టం సమానం కావాలి. ఇక్కడా అంతే: గ్లూటమేట్ అందాలి, అదే సమయానికి అందుకునే కణం కూడా ఉత్తేజంలో ఉండాలి. అప్పుడే దారికి అడ్డుపడిన మెగ్నీషియం తప్పుకుని కాల్షియం లోపలికి వస్తుంది. దాని ప్రభావంతో ఆ సంధి దగ్గరికి మరిన్ని ఆంపా గ్రాహకాలు చేరతాయి. ఇక మునుపటంత గ్లూటమేట్‌కే స్పందన ఎక్కువగా ఉంటుంది.

బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు 1973లో కుందేలు మెదడులో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఈ బలపడటాన్ని వివరంగా చూపించారు. అది గంటల తరబడి నిలిచింది. రోజులు నిలవాలంటే కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి. నిద్ర కూడా కావాలి, పరీక్షల టెన్షన్‌లో అందరూ ముందు వదిలేసేది దాన్నే! అన్నట్టు, కొన్ని సంధులు బలహీనపడటం కూడా నేర్చుకోవడంలో భాగమే.