పగిలిన హైడ్రాలిక్ పైపు మార్చే ముందు, అది ఎక్కడ పగిలిందో చూడండి

చేవెళ్ల దగ్గర మీ పొలంలో పశువుల ఎరువు దించుతుండగా ట్రాలీని ఎత్తే హైడ్రాలిక్ పైపు పగిలిందని రాశారు. తెగినచోట రబ్బరు చుట్టి క్లిప్పులు బిగిస్తే ఈ వానాకాలం గడిచిపోతుందని మెకానిక్ అన్నాడట. పైపు మీరే మార్చుకోవచ్చా, హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది అన్నది మీ ప్రశ్న. మీరే మార్చుకోవచ్చు. మాది శంకర్‌పల్లి వైపు పొలం. ట్రాక్టరు హైడ్రాలిక్ పైపులు పోయినప్పుడల్లా మేమే మార్చుకుంటున్నాం. క్లిప్పుల మాట మాత్రం పూర్తిగా మరిచిపోండి.

కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు. ట్రాక్టరు హైడ్రాలిక్‌లో బరువు ఎత్తేటప్పుడు అది 150 నుంచి 200 బార్ల దాకా పోతుంది. ఆ ఒత్తిడిని తట్టుకునేది రబ్బరు కాదు, దాని లోపల అల్లిన ఉక్కు తీగల జాలీ. జాలీ తెగాక పైన ఎంత చుట్టినా ఆగదు. కాసేపు ఆగినట్టు కనిపిస్తే మరీ ప్రమాదం. ఎందుకంటే అది మళ్లీ తెగేది ట్రాలీ నిండా బరువుతో పైకి లేచినప్పుడే.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది చేతుల గురించి. నూనె ఎక్కడ కారుతోందో చూడడానికి పైపు వెంబడి చెయ్యి పెట్టి తడమడం మన దగ్గర చాలామందికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి, పిల్లలనూ చేయనివ్వకండి. సూదిమొనంత రంధ్రం నుంచి ఆ ఒత్తిడితో వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చేతి తొడుగులూ దాన్ని ఆపలేవు. ఆ క్షణంలో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది, పైకి చిన్న చుక్క తప్ప ఏమీ కనిపించదు. కొన్ని గంటల్లో చెయ్యి వాచి, లోపలి కండ కుళ్లడం మొదలవుతుంది. వేళ్లు తీసేయాల్సి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అలా జరిగితే నొప్పి లేదు కదా అని ఇంట్లో కూర్చోకండి. నిమ్స్, ఉస్మానియా వంటి ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లి, హైడ్రాలిక్ నూనె ఒత్తిడితో చర్మం లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు గాయం అనుకుని కట్టు కట్టి పంపే ప్రమాదం ఉంది. కారుతున్న చోటు తెలియాలంటే పొడుగాటి అట్టముక్క పట్టుకుని దూరం నుంచి పైపు పక్కగా జరపండి. అట్ట మీద తడి గీత పడుతుంది.

ఇక పైపు విప్పే ముందు కాసేపు దాని దగ్గర కూర్చుని చూడండి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. హైడ్రాలిక్ పైపు ఊరికే పగలదు, ఎందుకు పగిలిందో పగిలిన చోటే చెబుతుంది. ఆ కారణం అలాగే ఉంచి కొత్తది బిగిస్తే, అదీ అక్కడే పోతుంది. మా ట్రాలీ పైపు ఒకసారి సరిగ్గా మధ్యలో తెగింది. తుడిచి చూస్తే బొటనవేలి గోరంత మేర పై రబ్బరు పూర్తిగా అరిగిపోయింది. నడుమ తీగలు అద్దంలా మెరుస్తున్నాయి, అంచుల్లో మాత్రం తుప్పు పట్టి ఒక్కొక్కటిగా తెగి పైకి లేచాయి. పైపును మళ్లీ దాని దారిలోనే పెట్టి ట్రాక్టరును పక్కకు తిప్పితే, ఆ మచ్చ డ్రాబార్ (ట్రాలీని తగిలించే ఇనుప కడ్డీ) పలక అంచు మీదికి సరిగ్గా వచ్చింది. మలుపు తిరిగిన ప్రతిసారీ అక్కడ రాసుకుంటోందన్నమాట. కొత్త పైపుకు దారి మార్చి, అంచు దగ్గర పాత పైపు ముక్కనే నిలువుగా కోసి తొడుగులా వేసి కట్టాం. మళ్లీ అక్కడ అరగలేదు.

మీది చివర్లో, ఇనుప ఫిట్టింగ్ పక్కనే పగిలి ఉంటే పైపు పొడవు చాలక అక్కడ గట్టిగా వంగుతోందని, లేదా బిగించేటప్పుడు మెలిపడిందని అనుకోవచ్చు. అర అంగుళం రెండు జాలీల పైపును 18 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా తక్కువకు వంచకూడదు. ఒళ్లంతా సన్నటి పగుళ్లుంటే ఎండకూ వేడికీ ముదిరిపోయింది. బుడగలా ఉబ్బి ఉంటే లోపలి గొట్టం చిల్లిపడి నూనె పై పొర కిందికి చేరింది. ఫిట్టింగే ఊడి వచ్చిందా, అది ఫిట్టింగ్‌ను యంత్రంతో పైపుకు నొక్కి ఇచ్చినవాళ్ల లోపం, దుకాణం మార్చండి.

విప్పేటప్పుడు ట్రాలీ పూర్తిగా కిందికి దిగి ఉండాలి. పైకి లేచి ఆగిపోయి ఉంటే, బరువుకు తగిన దిమ్మెలో, ఇనుప ఊతమో పెట్టకుండా దాని కిందికి ఎవరూ వెళ్లకూడదు. ఇంజను ఆపి, తాళంచెవి తీసేసి, హైడ్రాలిక్ లీవరును అటూఇటూ నాలుగైదు సార్లు కదపండి. మిగిలిన ఒత్తిడి పోతుంది. నూనె చల్లబడ్డాకే స్పానర్ పట్టండి. విప్పిన రెండు నోళ్లకూ శుభ్రమైన ప్లాస్టిక్ సంచి కట్టండి. పొలం దుమ్ము చిటికెడు లోపలికి పోయినా వాల్వులూ పంపూ గీతలు పడతాయి.

పైపు కోసం రాణీగంజ్ వెళ్లండి. బాలానగర్ వైపూ దొరుకుతాయి కానీ రాణీగంజ్‌లో పక్కపక్కనే చాలా దుకాణాలుంటాయి, ఒకచోట లేని ఫిట్టింగ్ మరోచోట దొరుకుతుంది. కొలతలు కాగితం మీద రాసుకెళ్లడం కాదు, పాత పైపును రెండు చివరలతో సహా తీసుకెళ్లండి. తెగిన ముక్కలు రెండైతే రెండూ కావాలి. పైపు పొడవునా అచ్చు వేసిన అక్షరాల గీత ఒకటి ఉంటుంది. ఆర్ 1 లేదా 1ఎస్‌ఎన్ అని ఉంటే ఒక జాలీ, ఆర్ 2 లేదా 2ఎస్‌ఎన్ అంటే రెండు జాలీలు. అర అంగుళం సైజులో మొదటిది 160 బార్లకు, రెండోది 275 బార్లకు తయారైనవి. ట్రాలీకి రెండు జాలీలదే తీసుకోండి, ధర తేడా చూసి వెనక్కి తగ్గకండి. తయారైన ఏడాది కూడా ఆ గీతలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి దుకాణంలో పడి ఉన్న చుట్ట నుంచి కోస్తుంటే వేరేది అడగండి.

చిక్కంతా ఫిట్టింగుల మరల (చుట్లు తిరిగిన గాళ్ల) దగ్గర వస్తుంది. అర అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ ప్రమాణం) మర బయటి వ్యాసం దాదాపు 21 మిల్లీమీటర్లు, ఎం 22 మెట్రిక్ మరది 22. కంటికి రెండూ ఒకటే. పైగా బీఎస్‌పీ లోపలి శంకువు, అంటే రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి కూర్చునే ఏటవాలు నోటి కోణం 60 డిగ్రీలు, మెట్రిక్‌లో ఎక్కువగా 24. కోణం కలవకపోతే ఎంత బిగించినా నూనె కారుతూనే ఉంటుంది. అందుకే వ్యాసాన్ని వెర్నియర్ కొలబద్దతో, మరను మర గేజితో కొలిచి ఇచ్చే దుకాణమే నయం. క్రింపింగ్ యంత్రంలో ఫిట్టింగ్ పెట్టాక చుట్టూ ఉన్న దవడలు ఒక్కసారిగా దగ్గరికి వచ్చి ఉక్కు తొడుగును నొక్కుతాయి. నొక్కాక వ్యాసం కొలుస్తున్నారా లేదా గమనించండి. అంతకు ముందే, పైపు కోసిన వెంటనే గాలి కొట్టి లోపలి రబ్బరు పొడి, తీగల పొడి ఊదించండి. ఇది అడగనిదే చాలాచోట్ల చేయరు.

పొడవు పాతదానికి సమానంగా కాకుండా, ట్రాక్టరు రెండువైపులా పూర్తిగా తిరిగినా లాగకుండా, నేలకు తగలకుండా ఉండేలా చూసుకోండి. ఒత్తిడి ఎక్కినప్పుడు పైపు 4 శాతం దాకా కురచ కావచ్చు, బిగుతుగా పెడితే ఆ లాగుడంతా ఫిట్టింగుల మీద పడుతుంది.

బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడండి. ఒకటి పైపు చివరను కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టు తిప్పడానికి. పైపు మీది అచ్చు గీత చివరిదాకా తిన్నగా ఉంటే మెలి పడలేదని అర్థం. శంకువు ఉన్న ఫిట్టింగుకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. అక్కడ నూనెను ఆపేది మర కాదు, శంకువు. టేపు ముక్కలు ఊడి వాల్వులోకి పోతాయి.

తర్వాత నూనె మట్టం చూడండి. చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సుకూ హైడ్రాలిక్‌కూ నూనె ఒకటే. మీ పైపు నుంచి పోయింది గేర్ల నూనె కూడా అన్నమాట. మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయండి, ఇంట్లో మిగిలిన ఇంజనాయిల్ పోయకండి. ఖాళీ ట్రాలీని ఇంజను నెమ్మది వేగంలో కొన్నిసార్లు ఎత్తి దించితే గాలి పోతుంది. మళ్లీ అట్టముక్కతో చూసి, నూనె మట్టం ఇంకోసారి సరిచూసుకున్నాకే బరువు వేయండి.

పాత పైపు మీద అచ్చు గీతలో ఏముందో, సరిగ్గా ఎక్కడ పగిలిందో ఇక్కడ రాయండి. వీలైతే ఫొటో పెట్టండి. మీరు రాణీగంజ్ బయలుదేరే లోపు చూసి చెబుతాను.