బోస్టన్‌లో బడి బస్సుల మీద రాళ్ళెందుకు పడ్డాయి?

అమెరికాలో నల్ల, తెల్ల పిల్లలకు వేరు బడులు పెట్టే చట్టాలు దక్షిణాదివి కదా, ఉత్తరాదిలోని బోస్టన్‌లో 1974లో అంత గొడవ ఎందుకన్నది ప్రశ్న.

బోస్టన్‌లో అలాంటి చట్టం లేని మాట నిజమే. మసాచుసెట్స్ 1855లోనే అలాంటి వేర్పాటును నిషేధించింది. కానీ ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్ళాలో తేల్చేది నగర బడులను నడిపే స్కూల్ కమిటీ. ఆ హద్దులను నల్లవాళ్ళు ఒక చోట, తెల్లవాళ్ళు మరో చోట ఉండేలా గీశారు. సరిచేయమని 1965లో రాష్ట్రం చట్టం తెచ్చినా కమిటీ ఏళ్ళ తరబడి నాన్చింది. చివరికి నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఇది కావాలని చేసిన వేర్పాటేనని 1974 జూన్‌లో జడ్జి ఆర్థర్ గారిటీ తేల్చారు.

తీర్పు ప్రకారం ఎక్కువగా నల్లవాళ్ళుండే రాక్స్‌బరీకీ, తెల్ల కార్మికుల పేట సౌత్ బోస్టన్‌కీ మధ్య పిల్లలను బస్సుల్లో మార్చారు. సెప్టెంబర్‌లో బడి తెరిచిన రోజే నల్ల పిల్లల బస్సులపై రాళ్ళు పడ్డాయి. తర్వాత హైస్కూల్లో పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది.

నా దృష్టిలో అసలు మెలిక వేరే ఉంది. అదే ఏడాది జూలైలో, డెట్రాయిట్ నగర బడుల్లోని ఇలాంటి వేర్పాటు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు శివారు బడులను ఇలాంటి ఆదేశాల నుంచి దాదాపు తప్పించేసింది. దాంతో భారమంతా నగరంలోని పేదల మీదే పడింది. స్తోమత ఉన్న తెల్ల కుటుంబాలు చాలావరకు శివార్లకో ప్రైవేటు బడులకో మారిపోయాయి.