రాయి కింద పురుగు పేరు ఫోన్ చెబుతుందా?

"అరకు వెళ్లినప్పుడు గెడ్డలో రాయి తిరగేస్తే, తోకలున్న చిన్న పురుగు ఒకటి మా బాబు కంటపడింది. ఫొటో తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే ఒకసారి రొయ్య అంది, ఇంకోసారి బొద్దింక అంది. సరిగ్గా గుర్తుపట్టే యాప్ ఉందా?" – ఒక పాఠకురాలు, విజయనగరం

ఉందండీ, సీక్ అని, మొక్కల, జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తెలుసుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్ వాళ్లది. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంట్ కూడా అడగదు కాబట్టి ధైర్యంగా బాబు చేతికి ఇవ్వొచ్చు. నాకు ఇందులో బాగా నచ్చేది ఏంటంటే, కెమెరా పురుగు మీద పెడితే ముందు కీటకం అని, తర్వాత ఏ కుటుంబం, ఏ జాతి అని మెట్టు మెట్టుగా చెప్పుకుంటూ వెళ్లి, నమ్మకం లేని చోట ఆగిపోతుంది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, కొండల్లో అది పెద్ద మేలు.

అయితే ఏ యాప్ అయినా ఫొటోను బట్టే. తడి రాయి, తడి పురుగు రెండూ ఒకే రంగులో మెరుస్తుంటే ఫోన్‌కి ఏం తెలుస్తుంది? ఈసారి ఒక తెల్ల ప్లాస్టిక్ ప్లేటు తీసుకెళ్లండి. అందులో అర అంగుళం గెడ్డ నీళ్లు పోసి, పురుగును మెత్తటి బ్రష్‌తో దించండి, చేత్తో వద్దు, నీటిపురుగుల్లో గట్టిగా కుట్టేవి ఉన్నాయి. ఫ్లాష్ ఆపి, గొడుగు నీడలో, ఫోన్‌ని మరీ దగ్గరికి తేకుండా జానెడు ఎత్తులో ఉంచి 2 రెట్లు జూమ్ చేయండి. నీళ్లు వేడెక్కకముందే పురుగును, అది దొరికిన రాయి దగ్గరే వదిలేయండి.

ఇక తోకలు లెక్కపెట్టండి. మూడు తోకలుండి, పొట్టకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు అల్లాడుతుంటే అది మేఫ్లై అనే ఎగిరే పురుగు పిల్ల. రెండే ఉంటే స్టోన్‌ఫ్లై అనే మరో ఎగిరే పురుగు పిల్ల కావచ్చు, కానీ కొన్ని మేఫ్లైలకీ రెండే ఉంటాయి, అప్పుడు కాలి కొస చూడాలి: మేఫ్లైకి ఒక గోరు, స్టోన్‌ఫ్లైకి రెండు. తోకల బదులు మూడు ఆకుల్లాంటివి ఉంటే సన్న తూనీగ పిల్ల. ఇసుక రేణువులు అతికించుకున్న గొట్టంలోంచి తల బయటపెడితే కాడిస్‌ఫ్లై అనే ఎగిరే పురుగు పిల్ల.

జాతి దాకా తెలియాలంటే ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో పెట్టండి, తెలిసినవాళ్లు చూసి చెబుతారు. పిల్లదశలో చాలావాటికి కుటుంబం పేరు దగ్గరే ఆగాల్సి వస్తుంది, దానికి బాబు నిరాశపడక్కర్లేదు. పాత ఫొటో మాత్రం డిలీట్ చేయకండి, పురుగు ఒక్కటే మిగిలేలా క్రాప్ చేసి సీక్‌కి ఇంకోసారి చూపించండి.