పేర్లిచ్చింది 44 మంది, లెక్క వేయాల్సింది 36 మందికి

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా కబ్, బుల్‌బుల్ (స్కౌట్స్, గైడ్స్‌లో చిన్నపిల్లల విభాగాలు) పిల్లలు 20 మంది. వాళ్లతో కలిసి 14 కుటుంబాలం మొదటిసారి ఒక రాత్రి క్యాంపుకి వెళ్దామనుకుంటున్నాం. 24 మంది పెద్దలతో కలిపి 44 పేర్లు వచ్చాయి. డిసెంబరులో అరకు అనుకున్నాం. తలకు వెయ్యి చొప్పున నా ఖాతాలో వేయించుకుందామని ఆలోచన. టెంట్లు కొనేస్తే ఏటా పనికొస్తాయని కొందరంటున్నారు. ఇలా చేయవచ్చా?

జవాబు: వెయ్యి చాలదండి. ఎందుకు చాలదో చెప్పే ముందు చోటు సంగతి తేల్చుకోవాలి, సగం ఖర్చు అక్కడే ఉంది.

అరకు 115 కిలోమీటర్లు, పైగా ఘాట్ రోడ్డు. డిసెంబరులో పర్యాటకుల రద్దీకి బస్సూ బసా రెండూ ప్రియమే. చలి పది డిగ్రీల కిందికి దిగే రాత్రులుంటాయి కాబట్టి ప్రతి పిల్లకీ మందపాటి రగ్గు కావాలి. అర్ధరాత్రి ఎవరికైనా ఉబ్బసం తిరగబెడితే విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి చేరేసరికి తెల్లారిపోతుంది. మొదటి క్యాంపు ఊరికి గంట దూరంలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు మామిడి, జీడి తోటలు చూడండి. కంబాలకొండ దగ్గరే కదా అనుకోవద్దు, అది అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేనిదే అక్కడ రాత్రి బస, నెగడు కుదరవు. సముద్రం ఒడ్డు కూడా ఈసారికి వద్దు.

తోట చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు మరుగుదొడ్లు లెక్కపెట్టండి. రెండే ఉంటే, మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా, 44 మందికి పొద్దున్న దాదాపు రెండు గంటలు పడుతుంది.

తేదీ విషయానికొస్తే, అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో అందరికీ గుర్తే. సంక్రాంతికి సగం కుటుంబాలు సొంతూళ్లకు వెళ్తాయి, ఆ తర్వాత జనవరి 26 కవాతు సాధన. ఫిబ్రవరి మొదటి శని, ఆదివారాలు పెట్టుకోండి. వార్షిక పరీక్షలకూ దూరంగా ఉంటుంది.

ఇక డబ్బు. ఖర్చుని రెండు ముక్కలుగా విడదీయండి. ఎంతమంది వచ్చినా మారనిది ఒకటి, తలను బట్టి పెరిగేది ఇంకొకటి. కింది ధరలు లెక్క తెలియడానికి వేసినవి, మీరు మూడేసి చోట్ల అడిగి మార్చుకోండి. బస్సు రానూపోనూ 16,000, తోట అద్దె 6,000, 14 టెంట్ల అద్దె 7,000, వంటమనిషి, సహాయకుడు 5,000, దీపాలు, కట్టెలు 2,500, మందుల పెట్టె 1,500. మొత్తం 38,000. ఇది మారదు. తిండికి తలకు 280, నీళ్లు, విస్తళ్లకు 40, అంటే 320. 44 మందికి 14,080. రెండూ కలిపి 52,080. దీనిమీద పది శాతం అత్యవసర నిధి వేస్తే 57,288, తలకు 1,302.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. పేర్లిచ్చిన వాళ్లందరూ బస్సెక్కరు. ఒకరికి జలుబు, ఒకరింట్లో పెళ్లి. 34 మందే వస్తే ఖర్చు 48,880, మీరనుకున్నట్టు తలకు వెయ్యి చొప్పున మీ చేతిలో 34,000. మిగతా 14,880 మీ ఇంట్లోంచే పోతుంది. అందుకే 44కి కాదు, 36 మందికి భాగించండి. 38,000కి 11,520 కలిపి, పది శాతం నిధి చేరిస్తే 54,472. తలకు 1,513, కాబట్టి 1,500 పెట్టండి. 44 మందీ వస్తే దాదాపు 13,900 మిగులుతుంది. దాన్ని తిరిగివ్వాలా, వచ్చే ఏడాదికి ఉంచాలా అన్నది డబ్బు తీసుకునే ముందే గ్రూపులో రాసిపెట్టండి. కట్టలేని కుటుంబం ఉంటే వాళ్ల వంతు ఆ మిగులులోంచే సర్దండి. ఆ పేరు మీకు తప్ప మరెవరికీ తెలియనక్కర్లేదు.

వసూలు రెండు విడతల్లో చేయండి. డిసెంబరు ఆఖరుకి 1,100, ఇది తిరిగి ఇవ్వరు. 36 మంది కడితే 39,600 వస్తుంది, మారని ఖర్చు తీరిపోతుంది. క్యాంపుకి వారం ముందు 400. మానేసేవాళ్లు గురువారం లోపు చెబితే ఇది వెనక్కి ఇవ్వవచ్చు, సరుకులు అప్పటికింకా కొనరు. 1,100 కట్టినవాళ్లదే సీటు. 'వస్తాం' అన్న మాట మీద సీటు ఉంచకండి.

నలుగురున్న ఇంటికి 6,000 అవుతుంది, ఒకేసారి బరువే. నాలుగు నెలలు 1,500 చొప్పున పక్కన పెట్టుకోమనండి. ఇందుకోసం ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) తెరవనక్కర్లేదు. బ్యాంకు ఆర్‌డీకి కనీస గడువు ఆరు నెలలు, పోస్టాఫీసుది ఐదేళ్లు. ఇంత తక్కువ కాలానికి షేర్ల ఫండ్ల జోలికి అసలే పోవద్దు.

మీ జీతం పడే ఖాతాలో ఈ డబ్బు కలపకండి. ఈఎంఐ కోతల మధ్య ఎవరి వెయ్యి ఎక్కడుందో నెల తిరిగేసరికి మీకే తెలియదు. మీ ఇంట్లో వాడకుండా పడున్న పొదుపు ఖాతా ఉంటే దాన్ని దీనికే కేటాయించి, ప్రతి ఆదివారం స్టేట్‌మెంట్ గ్రూపులో పెట్టండి. కొత్తది తెరిస్తే కనీస నిల్వ నిబంధన చూసుకోండి, లేదంటే జరిమానా కోతలు పడతాయి. లెక్క రాసేది మాత్రం ఇంకో కుటుంబం. వంటమనిషికి, కట్టెలకి నగదు ఇచ్చినా చీటీ మీద సంతకం తీసుకోండి. బస్సు, టెంట్ల అడ్వాన్సు చీటీల మీద 'వాన వస్తే ఇదే అడ్వాన్సు వేరే తేదీకి చెల్లుతుంది' అని రాయించుకోండి. నోటిమాట అయితే తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఎవరికీ గుర్తుండదు.

టెంట్లు కొనవద్దు. నలుగురు పట్టే టెంటు 3,500 అనుకుంటే 14కి 49,000, ఇంచుమించు క్యాంపు ఖర్చంత. అద్దె రాత్రికి 500 అయితే ఏడు రాత్రులు వాడితేగానీ పెట్టుబడి రాదు. ఏడాదికి ఒక్క రాత్రంటే ఏడేళ్లు. మన సముద్రపు తేమకి మూటకట్టి ఉంచిన టెంటు లోపలి పూత అంతకు ముందే జిగురెక్కి ఊడిపోతుంది. నలుగురి టెంటు అంటే కొలత మాత్రమే, పెద్దలిద్దరూ ఒక బిడ్డా హాయిగా పడుకుంటారు. ఇంకో మాట, టెంట్ హౌస్‌లో అడిగితే షామియానా ఇస్తారు. పెద్ద కుటుంబాలకి అదీ, కింద పట్టాలూ చాలు. తెల్లవారుజామున మంచు కురుస్తుంది కాబట్టి పరుపుల కింద టార్పాలిన్ వేయండి. సొంతంగా కొనదగ్గవి రెండు టార్పాలిన్లు, నాలుగు చార్జింగ్ లాంతర్లు, మందుల పెట్టె.

తిండి దగ్గర డబ్బు వృథా అయ్యేది బియ్యంలో. పెద్దలకి పూటకి 125 గ్రాములు, పిల్లలకి 70 వేస్తే మొత్తం 4.4 కిలోలు. వంటమనిషి ఏడు అడుగుతారు, ఐదు ఇవ్వండి. కూరగాయలు శనివారం పొద్దున్న రైతుబజార్లో, పాలు ఆదివారం పొద్దున్న తోట దగ్గర్లోనే. తాగడానికి, వంటకి తలకు ఆరు లీటర్ల చొప్పున 20 లీటర్ల క్యాన్లు 14 కావాలి.

బీమా గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. గ్రూపు ప్రమాద బీమా చౌకే, కానీ అది ప్రధానంగా మరణానికి, అంగవైకల్యానికి. ఆసుపత్రి ఖర్చు విడిగా చేరిస్తేనే వస్తుంది. జ్వరానికి, వాంతులకి మీ ఇంటి ఆరోగ్య బీమాయే దిక్కు. ప్రతి కుటుంబం పాలసీ కార్డు ఫొటో, పిల్లలకి పడని మందుల పేర్లు, తల్లిదండ్రుల సమ్మతి పత్రం శుక్రవారం లోపు మీకు పంపాలి. 108 ఉచితమే, అయినా దారి తెలియని తోటకి అది వెతుక్కుంటూ వచ్చే వరకు ఆగలేరు. ట్యాంకు నింపిన ఒక కారు గేటువైపు ముఖం పెట్టి రాత్రంతా ఉండాలి. తాళాలూ, అత్యవసర నిధిలోంచి 4,000 నగదూ మేలుకుని ఉండే పెద్దమనిషి దగ్గర ఉంచండి.