గేర్‌బాక్స్ కోసం ఐదు లక్షల యాప్ లోనా?

ప్రశ్న: నా వయసు 38. విజయవాడలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తున్నాను. జీతం చేతికి 78,000 వస్తుంది. అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, అమ్మ మందులు, పెట్రోలు అన్నీ కలిపి ఇంటి ఖర్చు 52,000. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు 15,000, క్రెడిట్ కార్డు ఈఎంఐ 6,400. ఐదేళ్ల క్రితం 2014 మోడల్ స్కోడా ఆక్టావియా 1.8 పెట్రోల్ ఆటోమేటిక్‌ను 5.2 లక్షలకు కొన్నాను. ఇప్పటిదాకా రిపేర్లకు 2.9 లక్షలు అయింది. ఇప్పుడు గేర్‌బాక్స్‌కు 1.85 లక్షల ఎస్టిమేట్ ఇచ్చారు. ఒక యాప్ 18 శాతం వడ్డీకి, నాలుగేళ్ల గడువుతో 5 లక్షలు ఇస్తానంటోంది. గేర్‌బాక్స్ చేయించి, టైర్లు మార్చి, మిగిలింది ఫండ్లలో పెడదామని ఉంది. ఫండ్లలో ఇప్పటికే 4.1 లక్షలు ఉన్నాయి, వాటిని కదపడం, సిప్‌లు ఆపడం ఇష్టం లేదు. బ్యాంకులో 40,000 ఉంది. కాలేజీ ఇచ్చిన 3 లక్షల గ్రూప్ హెల్త్, కారు పాలసీ తప్ప వేరే బీమా లేదు. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. ఆ యాప్‌లో ఇంకా ఓకే నొక్కకపోతే నొక్కకండి.

5 లక్షలకు 18 శాతం చొప్పున నాలుగేళ్లంటే ఈఎంఐ దాదాపు 14,700. మొత్తం కట్టేది 7.05 లక్షలు. అంటే వడ్డీయే 2 లక్షలు దాటుతుంది, మీ గేర్‌బాక్స్ బిల్లు కంటే ఎక్కువ. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. మీ లెక్క ప్రకారం నెలాఖరుకు మిగిలేది 4,600. సిప్‌లు ఆపనంటున్నారు. మరి మొదటి ఈఎంఐ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ అప్పులోంచే కట్టాలి. 18 శాతానికి తెచ్చిన డబ్బును ఫండ్లలో పెడితే అంతకు మించి వస్తుందని ఎవరు రాసిచ్చారు మాస్టారూ? అప్పు తెచ్చి మార్కెట్లో పెట్టే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, అందుకే మీది తీసుకున్నాను. కొత్తలో 20 లక్షలకు అటూ ఇటూ పలికిన కారు సెకండ్ హ్యాండ్‌లో కొత్త మారుతీ కంటే తక్కువకు వస్తుంది. కారు ధర పడిపోతుంది కానీ దాని స్పేర్ పార్ట్స్ ధర పడదు, అది 20 లక్షల కారు స్థాయిలోనే ఉంటుంది. మీరు పంపిన బిల్లులు చూశాను. కూలెంట్ లీకైన వాటర్ పంపు, ఇగ్నిషన్ కాయిల్స్, లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు, ఏసీ కంప్రెసర్. లక్ష కిలోమీటర్లు దాటిన యూరోపియన్ సెడాన్‌కు ఇవి అరుదైన ఖర్చులేమీ కావు. ఐదేళ్లలో 2.9 లక్షలంటే నెలకు 4,800. గేర్‌బాక్స్ కూడా కలిపితే నెలకు 7,900. ఈ కారును ఉంచుకోవడానికి అసలు ఖర్చు ఇదీ, పెట్రోలు కాకుండా. మీ జీతానికి ఇది మోయలేని బరువు కాదు. కాకపోతే నెలనెలా రాదు, ఒక్కసారే 60,000గానో 1.85 లక్షలుగానో వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ మీరు కార్డు గీకారు. ఇప్పుడు కడుతున్న 6,400 కూడా కిందటేడాది సస్పెన్షన్ పనిదేనని మీరే రాశారు.

గేర్‌బాక్స్ కంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలో చివర ఒక్క ముక్కలో తేల్చేసిన విషయం: బ్యాంకులో 40,000. ఇంటి ఖర్చే 52,000 అయినప్పుడు అది ఒక నెలకు కూడా చాలదు. పైగా మీది ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఆగితే మీ రంగంలో జీతాలు ఆగడం మన రెండు రాష్ట్రాల్లోనూ చూస్తున్నదే. రెండు నెలలు జీతం రాక, అదే సమయంలో అమ్మగారు ఆసుపత్రిలో చేరితే ఏం చేస్తారు? ఆ యాప్ అప్పుడు కూడా ఇస్తుంది, ఇంకా ఎక్కువ వడ్డీకి. మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 3.12 లక్షలు, విడిగా ఉండి తీరాలి. కారుకు వచ్చే బిల్లు ఎమర్జెన్సీ కింద రాదు, అది తేదీ తెలియని మామూలు ఖర్చు. దానికి వేరే ఖాతా ఉండాలి. రెండూ ఒకే చోట ఉంటే ఎమర్జెన్సీ డబ్బును కారు తినేస్తుంది.

కాబట్టి ఫండ్లను కదపాల్సిందే. ఏడాది దాటిన యూనిట్లు తీస్తే సాధారణంగా ఎగ్జిట్ లోడ్, అంటే డబ్బు వెనక్కి తీసుకున్నందుకు కోసే రుసుము, ఉండదు. ఈక్విటీలో దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షల వరకు పన్ను లేదు, మీ లాభం మొత్తం లక్ష లోపే. 4.1 లక్షల్లోంచి గేర్‌బాక్స్‌కు 1.85 లక్షలు పోతే 2.25 లక్షలు మిగులుతాయి. వాటిని ఎఫ్‌డీలో వేసి, బ్యాంకులోని 40,000 కలిపితే 2.65 లక్షలు. సిప్‌లు ఆపండి. ఆ 15,000లో 8,000 కారు ఖాతాకు, 7,000 ఎమర్జెన్సీకి వేయండి. ఏడు నెలల్లో 3.12 లక్షలు దాటుతారు. అప్పుడు ఆ 7,000తో సిప్ మళ్లీ మొదలుపెట్టండి, కార్డు ఈఎంఐ అయిపోయాక పెంచండి. సిప్ ఆపితే కాంపౌండింగ్ పోతుందనే భయం నాకు అర్థమవుతుంది. కానీ 18 శాతం అప్పు కూడా కాంపౌండ్ అవుతుంది, అదీ అప్పిచ్చినవాడి వైపు.

బీమా సంగతి. కారుకు ఏటా కాంప్రిహెన్సివ్ కడుతున్నారు, కుటుంబాన్ని నడిపే మీకు మాత్రం టర్మ్ పాలసీ, అంటే మీరు లేకపోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా, లేదు. ఆ కారు పాలసీ గేర్‌బాక్స్‌కు పైసా ఇవ్వదు, మెకానికల్ బ్రేక్‌డౌన్ అందులోకి రాదు. యాక్సిడెంట్ అయినా, పదేళ్లు దాటిన కారు మెటల్ పార్టుల ధరలో పాతబడినందుకు తరుగుదల కింద సగం కోస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు నీళ్లు చేరిన ఇంజిన్ల సంగతి మీ ఊళ్లోనే చూశారు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ నష్టాన్ని కంపెనీలు సాధారణంగా ఇవ్వవు, ఇంత పాత కార్లకు ఆ యాడ్ ఆన్ దొరకడమూ కష్టమే. టర్మ్ కోటి రూపాయలకు తీసుకోండి. ఇంటిల్లిపాదికీ సొంత హెల్త్ పాలసీ తీసుకోండి, అమ్మగారికి విడిగా. కాలేజీ మారిన రోజున ఆ గ్రూప్ పాలసీ ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత టర్మ్, హెల్త్ పాలసీలపై 18 శాతం జీఎస్టీ తీసేశారు, ఇంకా వాయిదా వేయడానికి కారణం లేదు. నెలకు మిగులుతున్న 4,600 ముందుగా ఈ ప్రీమియంలకే. చాలకపోతే కారు ఖాతాలో కొంత తగ్గించండి, ఎమర్జెన్సీలో కాదు.

కారు అమ్మేయాలా అని కూడా అడగవచ్చు. గేర్‌బాక్స్ పాడైన స్థితిలో అమ్మితే అడిగిన ధర రాదు. ఇష్టపడి నడుపుతున్నారు కాబట్టి నెలకు 8,000 పక్కన పెట్టగలిగినంత కాలం ఉంచుకోండి, ఆ డబ్బు ఆగిన నాడు అమ్మేయండి. 2029లో ఆర్‌సీ రెన్యువల్ ఉందని మాత్రం గుర్తుంచుకోండి. ఈ కారునిచ్చి లోన్ మీద కొత్త కారు తీసుకునే పరిస్థితిలో మీరు లేరు.

ఎస్టిమేట్‌కు ఒప్పుకునే ముందు ఒక పని చేయండి. మీ కారులోది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అందులో గేర్లు మార్చడాన్ని నియంత్రించే మెకట్రానిక్ యూనిట్ వేరు, క్లచ్‌ల సెట్టయిన క్లచ్ ప్యాక్ వేరు. స్కాన్ రిపోర్టు రాతపూర్వకంగా తీసుకుని, ఏది పోయిందో అడగండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఈ గేర్‌బాక్స్‌లే చూసే వర్క్‌షాపుకు ఆ రిపోర్టు పంపి రెండో ఎస్టిమేట్ తెప్పించుకోండి. మొత్తం యూనిట్ మార్చకుండా రిపేరుతో పోయే అవకాశం ఉంది. అలా 1.85 లక్షల్లో ఎంత మిగిలితే అంతా టైర్లకు కాకుండా ఎమర్జెన్సీ ఎఫ్‌డీలోకే వెళ్లాలి. టైర్లు అరిగి ప్రమాదకరంగా ఉంటే మాత్రం ముందు అవే మార్చండి.